ప్రశ్నల కుర్చీలో నాన్న

టెక్కలి,
14-7-2024, ఆదివారం

అత్తా,

నువ్వూ నాయనమ్మా కులాసాగా ఉన్నారనుకుంటాను. నేను బాగానే ఉన్నాను. మొన్న వార్డెనమ్మ ఫోనులో నువ్వు "పలుకే, పలుకు! నోట్లో బెల్లమెట్టుకున్నావేటి?" అని అరిచిన అరుపుకి నా వెనకాల లైన్లో ఉన్న పిల్లలందరూ పడీ పడీ నవ్వారు. ఫోనులో నాకు మాట రాదని తెలిసి కూడా ఎందుకు అరుస్తావు? ఎదురుగా ఉన్నవాళ్ల దగ్గరే రాదు నాకు. అందుకే ఉత్తరం మొదలుపెట్టాను. కాగితం మీదైతే ఎంతైనా వాగుతాను.

నీకొక మంచి వార్త చెప్పాలి. ఈ ఏడు మా ఎనిమిదో తరగతికి శనివారం సాయంత్రాలు నాటకం క్లాసు పెట్టారు. చెప్పేది రమణి మేడం. ఇచ్ఛాపురం ఆవిడ. కోపం వస్తే ఒరియాలో తిడతారు. మాకు అర్థం కాదు కాబట్టి ఎవరికీ బాధ లేదు. మొదటి క్లాసులో అందరినీ గుండ్రంగా నిలబెట్టి, ఎవరి పేరు వాళ్లు అవతలి గోడకు వినపడేలా చెప్పమన్నారు. నా వంతు వచ్చింది. "ఢిల్లీశ్వరి" అని చెప్పాననే అనుకున్నాను. పెదాలు కదిలాయి, అంతే. "ఢిల్లీ శానా దూరం కదా మేడమ్, ఇక్కడికేటి వినపడతాది" అంది వసంత. క్లాసంతా ఒకటే నవ్వు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

నిన్న మాత్రం వేరే సంగతి. మేడం ప్రశ్నల కుర్చీ అని ఒక ఆట పెట్టారు. ముందర ఒక కుర్చీ వేస్తారు. అందులో కూర్చున్నవాళ్లు తమ ఇంట్లో ఎవరో ఒకరు అయిపోవాలి. మిగతావాళ్లు ఏమడిగినా ఆ మనిషిలాగే జవాబు చెప్పాలి. తెలియదు అనకూడదు. కుర్చీలోంచి లేస్తే మళ్లీ మనం మనమే. వసంత వాళ్ల తాతయ్య అయిపోయి పొడుం పీల్చి తుమ్మితే కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. నా దగ్గరికి వచ్చేసరికి మేడం, "నువ్వు గోడవైపు తిరిగి కూర్చోమ్మా, నీ ముఖం ఎవరూ చూడరు" అన్నారు. కూర్చున్నాను. ఎవరిలా మాట్లాడాలో అనుకోనే లేదు. నాన్న వేట నుంచి వస్తూ కెరటాల అవతల నుంచే నాయనమ్మను పిలిచేవాడు కదా, "అమ్మో... అన్నమెట్టీయే!" అని? అది వచ్చేసింది అత్తా. నా నోట్లోంచే. అచ్చం నాన్న గొంతు. పక్క గదిలో లెక్కలు చెబుతున్న సారు బయటికి వచ్చి ఎవరో మగమనిషి వచ్చాడేమోనని చూశారట.

ఏం చేపలు పడ్డాయి అని అడిగారు, కవళ్లు పడ్డాయన్నాను. సముద్రమంటే భయం లేదా అని అడిగారు. "గంగమ్మ తల్లిరా, తల్లంటే బయమేటి?" అన్నాను. పడవ తిరగబడి నాన్న కనపడకుండా పోయాక, ఈ మూడేళ్లలో నేను గట్టిగా మాట్లాడింది నిన్ననే. ఈ ఉత్తరం నాయనమ్మకు చదివి వినిపించు. సంతోషిస్తుంది.

గొంతు వచ్చిన నీ మేనకోడలు,
ఢిల్లీ


మన ఊరు,
24-7-2024

ఒసే ఢిల్లీ,

ఉత్తరం అందింది. పోస్టాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ కాలంలో ఉత్తరాలేటి నూకరత్నం, మీ ఇంట్లో ఫోన్లు నేవా?" అన్నాడు. ఉన్నాయి బాబూ, మా పిల్లకు నోరే లేదు అన్నాను. కోప్పడకు. ఇప్పుడు వచ్చిందిగా.

ఈ మరకలు చూసి ఏమిటో అనుకునేవు. పలాసలో జీడిపిక్కలు కొట్టి నేరుగా వచ్చి కూర్చున్నాను. జీడి నూనె ఎంత రుద్దినా పోదు. మీ మావయ్య చెన్నై బోట్ల మీద నుంచి ఫోను చేసి, వచ్చేటప్పుడు నాకు చేతి తొడుగులు తెస్తానన్నాడు. పోయినసారి కూడా అదే అన్నాడు. మాటలకేం, కోటలు దాటుతాయి.

నీ ఉత్తరం మీ నాయనమ్మకు చదివి వినిపించాను. ముసలిది అరుగు మీద ఎండుచేపలు ఏరుతోంది. పొడుం దగ్గర నవ్వింది. నాన్న గొంతు వచ్చిందన్న చోట చేతులు ఆగిపోయాయి. "మల్లీ సదువు" అంది. చదివాను. "అక్కడే, ఆ ముక్కే మల్లీ సదువు" అంది. నాకు విసుగొచ్చింది. అయినా చదివాను. అంతే, ఏరుతున్న చేపలు ఏరుతున్నట్టే వదిలేసి గౌరమ్మ ఇంటికి వెళ్లిపోయింది. సగం పిల్లి తినేసింది.

తిరిగొచ్చి నన్ను ప్రశ్నలతో చంపుతోంది. గుంట ఏ వైపు తిరిగి కూర్చుంది, అప్పుడు ఏ వేళయింది, ఆ రోజు తలంటుకుందా, జుట్టు విరబోసుకుందా, జడ వేసుకుందా? "నాకేటి తెలుసే అమ్మా, నానక్కడున్నానా?" అని కసురుకున్నాను. మనవరాలు నాటకాల్లో చేరిందని గర్వం కాబోలు, ఊరంతా చెప్పుకోవడానికి అడుగుతోంది అనుకుంటున్నాను. ఏదైతేనేం, జవాబులు రాయి. లేకపోతే నన్ను బతకనివ్వదు.

ఇంకా సాయంత్రమైతే మీ నాన్న కంచం కడిగి, అన్నం పెట్టి, మూత వేసి ఒడ్డుకు వెళ్తూనే ఉంది. చీకటి పడ్డాక నేను వెళ్లి తీసుకొస్తున్నాను. చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. నువ్వు బాగా తిను. నాటకాల్లో పడి లెక్కలు వదిలేశావో, వచ్చి వీపు విమానం మోత మోగిస్తాను.

నీ అత్త,
నూకరత్నం


టెక్కలి,
4-8-2024

అత్తా,

నాయనమ్మ అడిగినవన్నీ రాస్తున్నాను, చదివి వినిపించు. శనివారం కాబట్టి తలంటుకున్నాను. జుట్టు ఆరలేదని విరబోసుకునే క్లాసుకు వెళ్లాను. నేను తిరిగి కూర్చున్న గోడ తూర్పు వైపుది. పొద్దు వాలే వేళ. నాన్న పడవ వచ్చేది కూడా ఆ వేళకే కదా, రాస్తుంటే ఇప్పుడే గుర్తొచ్చింది.

ఇప్పుడు ప్రతి శనివారం నాన్న వస్తున్నాడు. పిల్లలు మధ్యాహ్నం నుంచే "ఈ వారం మీ నాన్న వత్తాడా?" అని అడుగుతారు. వసంత నా పక్కనే కూర్చుంటోంది, రోజూ నా జడ తనే వేస్తోంది. డిసెంబరులో ఇక్కడే టెక్కలిలో బడుల నాటకాల పోటీ ఉందట. మేమే ఒక నాటకం తయారు చేస్తున్నాం. అందులో పడవ నడిపేవాడి వేషం నాదే! వేటకు వెళ్తూ ఒడ్డు మీదున్న ఇంటివాళ్లతో అతను చెప్పే మాట కూడా నేనే రాశాను. "నా కోసం సూడకండి. మీరు అన్నం తినేయండి." బాగుందా? మేడం మెచ్చుకున్నారు. పడవను నీళ్లలోకి తోసేటప్పుడు నాన్న వాళ్లు ఒకరినొకరు ఎలా పిలుచుకునేవారో నాయనమ్మను అడిగి రాయి.

ఒక్కటి మాత్రం నీకే చెబుతున్నాను. హాజరు వేసేటప్పుడు నా గొంతు ఇంకా రావడం లేదు. చెయ్యి ఎత్తుతున్నాను, అంతే. "ఆ గొంతు నీదే, ఎక్కడి నుంచో రాలేదు" అంటారు మేడం. నాకు అలా అనిపించదు. మొన్న బోరింగు దగ్గర నాచు మీద చిన్నపిల్ల ఒకతి పరుగెత్తుతుంటే, "ఓలే, జారతావు!" అని ఎవరో అరిచారు. నేను కూడా వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. అరిచింది నేనేనట. నేను అరవాలనుకోలేదు అత్తా. కొంచెం భయమేసింది. సంతోషం కూడా వేసింది.

నాయనమ్మను ఒకసారి తీసుకురా, తను కూడా వినాలి.

ఢిల్లీ


మన ఊరు,
20-8-2024

ఢిల్లీ,

ఈ ఉత్తరం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. కూర్చుని చదువు.

నువ్వు రాసినవన్నీ మీ నాయనమ్మకు వినిపించాను. విరబోసుకున్న జుట్టు, తూర్పు గోడ, పొద్దు వాలే వేళ, ఒక్కొక్కదానికీ తల ఊపుతూ వింది. "నా కోసం సూడకండి, మీరు అన్నం తినేయండి" అన్న మాట దగ్గర లేచి లోపలికి వెళ్లింది. మూత తీసి, మీ నాన్న కంచంలో అన్నం కలుపుకుని తనే తినేసింది. మెతుకు కూడా మిగల్చలేదు. ఆ రోజు ఒడ్డుకు వెళ్లలేదు. ఏమైందే అమ్మా అని అడిగితే అప్పుడు చెప్పింది.

"సచ్చినోలే కదే సోదిలో పలుకుతారు. ఎన్నిసార్లు బియ్యం పోయించినా, గౌరమ్మ గొంతు పోయేలా పిలిసినా, నా కొడుకు పలకనేదు. పలకనేదంటే ఎక్కడో బతికున్నాడు అనుకున్నాను. ఇప్పుడు ఆడి కూతురు మీదకొచ్చి పలికినాడు. ఇంకేటున్నాదే రత్నం."

ఇదీ సంగతి. గౌరమ్మ సోదిలో అన్న పలకలేదు కాబట్టే మీ నాయనమ్మ ఇన్నాళ్లూ ఎదురు చూసింది. మనందరం అది ముసలిదాని మొండితనం అనుకున్నాం. శవం దొరకలేదు కాబట్టి కర్మ చేయనివ్వడం లేదనుకున్నాం. దాని లెక్క వేరే. నువ్వు మాట వచ్చిందని సంబరంగా రాసిన ఉత్తరం, ఇక్కడ కొడుకు చావు కబురయింది.

కార్తీక అమావాస్యకు ఒడ్డు మీద కర్మ చేయించాలని పెద్దలకు చెప్పేసింది. నేను అడ్డం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని నువ్వు అడుగుతావు. చెబుతాను విను. రోజూ చీకట్లో దాన్ని ఒడ్డు మీద నుంచి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది నేను. ఒడిశా వైపు నుంచి వచ్చిన ప్రతి పడవనూ ఆపి "నా కొడుకును సూసినారా?" అని అది అడుగుతుంటే పక్కన నిలబడేది నేను. అలసిపోయానే. నాటకమైనా, పూనకమైనా, ఏదో ఒక దారిన దీనికి ముగింపు దొరికింది అనుకున్నాను. నువ్వు కూడా ఏమీ అనకు. నీ నాటకం నువ్వు ఆడుకో.

అత్త


టెక్కలి,
1-9-2024

అత్తా,

నేను నటించాను. అది ఆట. కుర్చీ ఆట. నాన్న రాలేదు, నేనే అరిచాను. నాయనమ్మకు వెంటనే చెప్పు.

నాన్న ఎక్కడో ఉన్నాడని నేను కూడా అనుకుంటున్నానని నీకు తెలియదా? నాన్నలా మాట్లాడినప్పుడు నాన్న దగ్గరగా ఉన్నట్టుంటుంది, అందుకే మాట్లాడాను. చచ్చిపోయాడని చెప్పడానికి కాదు. ఇప్పుడు నా వల్లే నాన్న చచ్చిపోయినట్టయింది. నువ్వు పక్కనే ఉండి ఊరుకున్నావు. నీకు అన్న కాదా?

నాటకం మానేశాను. మేడంకు చెప్పేశాను. చెప్పడమంటే, చీటీ రాసి ఇచ్చాను. ఇప్పుడు నాన్న గొంతూ లేదు, నా గొంతూ లేదు.

ఢిల్లీశ్వరి


మన ఊరు,
12-9-2024

ఏమే,

పెద్ద మొనగత్తెవి అయిపోయావు. చీటీ రాసి ఇచ్చిందట చీటీ! "నీకు అన్న కాదా" అని అడగడానికి నీకెంత ధైర్యమే? మీ అమ్మ కిడ్నీ జబ్బుతో పోయినప్పుడు నిన్ను చంకనేసుకుని తిరిగింది నేనూ మా అన్నా. వాడు నా వెనకాల పుట్టలేదు, నా ముందర పుట్టాడు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఒడ్డంతా తిప్పిన మనిషి. నాకు వాడు లేకపోవడం నీకంటే ముందు తెలుసు. ఉత్తరం చదివి రెండు రోజులు పనికి వెళ్లలేకపోయాను. అది కూడా నువ్వు తెలుసుకోవాలి.

సరే. నువ్వు అనవలసింది అన్నావు, నేనూ అనేశాను. నువ్వు చంపడం ఏమిటే పిచ్చిదానా? సముద్రం చేసిన పనికి నువ్వు నెత్తి కొట్టుకుంటావెందుకు? నువ్వు చెప్పమన్నట్టే మీ నాయనమ్మకు చెప్పాను. అది పూనకం కాదు, నటన, బడిలో నేర్పుతారు అన్నాను. నా వైపు చూసి నవ్వింది.

"నాటకమా? పిలిత్తే పలకనేని గుంటది. దానికంత గొంతెక్కడిదే? అది నా కొడుకే" అంది.

ఎంత చెప్పినా అదే మాట. ఇంకోటి కూడా మొదలుపెట్టింది. తన కొడుకు ఊరుకాని ఊళ్లో, పరాయి పిల్లల ముందు ఎందుకు పలకాలట? బడి మాన్పించి నిన్ను ఇంటికి తెచ్చేయాలట. శనివారాలు గౌరమ్మ వాకిట్లో కూర్చోబెడుతుందట. పిల్లలను చూడనిచ్చే శనివారం వస్తోంది కదా, ఆ రోజు టెక్కలి వచ్చి నీ టీసీ తీసుకుంటానని కూర్చుంది. నాకు సెలవు దొరకదు. దీపావళి సరుకని తోముతున్నారు మమ్మల్ని. పక్కింటి సూరమ్మ వెంట వస్తోంది.

ఢిల్లీ, నా మాట విను. అది నువ్వేనని మీ నాయనమ్మకు నువ్వే చూపించాలి. ఇక్కడి నుంచి నేను చేయగలిగింది ఏమీ లేదు. చూపించలేకపోయావో, పెట్టె సర్దుకుని రావడమే. చూపించావో, అది మళ్లీ కొడుకు బతికున్నాడని కంచం కడిగి ఒడ్డుకు వెళ్తుంది. రెంటిలో ఏది జరగాలని మొక్కుకోవాలో కూడా నాకు తెలియడం లేదు. కానీ నువ్వు చదువుకోవాలి. గౌరమ్మ వాకిట్లో జుట్టు విరబోసుకుని కూర్చోవడానికి మా అన్న నిన్ను కనలేదు.

చీటీ వెనక్కి తీసుకో.

అత్త


టెక్కలి,
29-9-2024, ఆదివారం

అత్తా,

సూరమ్మ పెద్దమ్మ నీకు ఏదో ఒకటి చెప్పే ఉంటుంది. ఆవిడ చెప్పేది సగం ఏడుపూ సగం గొప్పలూ. జరిగింది జరిగినట్టు నేను రాస్తున్నాను.

చీటీ వెనక్కి తీసుకున్నాను. మేడంకు అంతా చెప్పాను. నోటితోనే. చాలాసేపు పట్టింది, ఆవిడ తొందరపెట్టలేదు. "మీ నాయనమ్మను క్లాసులోనే కూర్చోబెడదాం" అన్నారు.

నాయనమ్మ వచ్చి ముందు బల్ల మీద కూర్చుంది. కాళ్లు కింద ఆనలేదు. కుర్చీనీ, చుట్టూ గుండ్రంగా కూర్చున్న పిల్లలనూ చూసి సూరమ్మ పెద్దమ్మతో, "సోది పెట్టినట్టే ఉన్నాదే" అంది. నేను వెళ్లి కుర్చీని ఇటు తిప్పాను. ఎప్పుడూ గోడవైపు తిరిగే కూర్చున్నాను కదా. ఈసారి నా ముఖం కనపడకపోతే నమ్మదు అనిపించింది. అందరూ నన్నే చూస్తున్నారు.

ముందు నువ్వయ్యాను అత్తా. కోపం తెచ్చుకోకు. "ఏమే, పెద్ద మొనగత్తెవి అయిపోనావు!" అని మొదలుపెట్టాను. "చేతికి ఆ నలుపేమిటండీ?" అని వసంత అడిగింది. "మీ మావయ్య తొడుగులు తెత్తానన్నాడు, నా పాడె మీదకి తెత్తాడు" అన్నాను. సూరమ్మ పెద్దమ్మ బల్ల మీద నుంచి పడినంత పని చేసింది. తర్వాత నాయనమ్మనయ్యాను. నడుం మీద చెయ్యి పెట్టుకుని, పోస్టాయనను నిలబెట్టి "మాకేటైనా ఉత్తరమొచ్చినాదా?" అని అడిగినట్టు అడిగాను. నాయనమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఓలమ్మ, నాను ఇలగే ఉంతానేటి?" అంది. నాకు చాలా ధైర్యం వచ్చింది. ఇది నేనేనని తెలిసిపోయిందిలే, టీసీ అడగదులే అనుకున్నాను.

అప్పుడు నాన్ననయ్యాను. "అమ్మో... అన్నమెట్టీయే!"

నాయనమ్మ నవ్వు ఆగిపోయింది. అప్పటిదాకా చూసినదంతా మర్చిపోయింది అత్తా. నేను చూస్తుండగానే మర్చిపోయింది. పిల్లలు ప్రశ్నలు అడుగుతున్నారు, నేను చెబుతున్నాను. నాయనమ్మ బల్ల దిగి కుర్చీ దగ్గరికి వచ్చింది. నా మోకాళ్ల మీద చేతులు వేసింది. "ధనుంజీ, ఒక్క మాట సెప్పీరా. వత్తావా, రావా?" అంది.

మేడం లేచి నిలబడ్డారు. కుర్చీలో ఉన్నంతసేపు తెలియదు అనకూడదు. "వచ్చేత్తానే అమ్మా" అన్న మాట నా నోట్లో ఉంది. నాన్న గొంతులోనే ఉంది. ఒట్టు. అనేస్తే చాలు. నాయనమ్మ సంతోషంగా ఇంటికి వెళ్తుంది, నేను ఇక్కడే ఉంటాను, నాన్న కూడా ఎక్కడో ఒకచోట ఉంటాడు. నాకూ అదే కావాలి. గోడవైపు తిరిగి ఉంటే అనేసేదాన్నే. కానీ నాయనమ్మ ముఖం నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. ఎంత ముసలిదైపోయిందో అప్పుడే చూశాను. రోజూ ఒడ్డుకు వెళ్లి నిలబడే కాళ్లు ఎంత వాచాయో కూడా చూశాను.

కుర్చీలోంచి లేచాను.

"రాడు నాయనమ్మా. నాన్న ఇంక రాడు" అన్నాను.

నేను అంత గట్టిగా అనాలనుకోలేదు. వరండా చివరిదాకా వినపడిందని తర్వాత వసంత చెప్పింది. అది నాన్న గొంతు కాదు. ఎవరి గొంతో నాకు కూడా వెంటనే తెలియలేదు. సన్నగా, కొంచెం బొంగురుగా ఉంది.

నాయనమ్మ నా చుబుకం పట్టుకుని చాలాసేపు చూసింది. "ఇప్పుడు పలికింది నువ్వే" అంది. అవునన్నాను. "ఆడైతే నాతో రానని అనడే. సచ్చినా అనడు. వచ్చేత్తానే అమ్మా అనే అంతాడు. నువ్వన్నావు కాబట్టి నమ్ముతాను" అంది. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇద్దరం అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాం. పిల్లలు కూడా ఏడ్చారు.

వెళ్లేటప్పుడు టీసీ మాట ఎత్తలేదు. మేడం చేతులు పట్టుకుని, "దీన్ని బాగా సదివించండమ్మా" అంది. గేటు దగ్గర ఆగి, అమావాస్యకు ఇంటికి రమ్మని నాకు చెప్పింది.

అత్తా, నువ్వు ఒక్కదానివే అన్నీ మోస్తున్నావని నాకు తెలియలేదు. ఆ రోజు అలా రాయకూడదు. క్షమించు.

నీ ఢిల్లీ


మన ఊరు,
8-12-2024

ఢిల్లీ తల్లికి,

నిన్ను బస్సెక్కించి వచ్చాక ఇల్లు బోసిగా ఉంది. మీ నాయనమ్మ బాగానే ఉంది. వేళకు తింటోంది, వేళకు పడుకుంటోంది. కర్మ నాడు గడ్డితో చేసిన మనిషికి మీ నాన్న చొక్కా తొడిగి బొత్తాలు పెట్టింది కదా, ఆ చేతులు వణుకుతాయేమోనని నేను పక్కనే నిలబడ్డాను. వణకలేదు. నావే వణికాయి.

నవ్వకు, నీకొక మాట చెబుతాను. ఇదంతా అయిపోవాలని కోరుకున్నది నేను. అయిపోయింది. ఇప్పుడు పొద్దు వాలేసరికి ఒడ్డుకు వెళ్తున్నది నేను. ఎందుకు వెళ్తున్నానో నాకే తెలియదు. తీసుకురావడానికి అక్కడ ముసలిది ఉండదని తెలుసు. అయినా కాళ్లు అటే పోతాయి. నిన్న సూరమ్మ చూసి, "ఏటే రత్నం, నువ్వూ మొదలెట్టావా?" అంది. గాలి కోసం వచ్చానన్నాను. ఒడ్డున పుట్టి పెరిగినదానికి గాలి కోసమేమిటి చెప్పు. అన్న కోసం ఏడవడానికి నాకు ఇన్నాళ్లూ తీరిక దొరకలేదు, అంతే అయి ఉంటుంది.

పోటీలో బాగా ఆడు. గెలిచినా ఓడినా రాయి.

అత్త


టెక్కలి,
22-12-2024, ఆదివారం

అత్తా,

మా నాటకానికి రెండో బహుమతి వచ్చింది. మొదటిది వేరే బడికి పోయింది. వాళ్లకు నిజం తెరచాప ఉంది. మాకు వార్డెనమ్మ దుప్పటి. వేషాల్లో నాకు విడిగా ఒక కప్పు ఇచ్చారు. పేరు చెప్పమని మైకు ఇస్తే, పక్కకు జరిపి నోటితోనే చెప్పాను. అందరికీ వినపడింది. హాజరుకి ఇప్పుడు నేను పలికే పలుకుకి లెక్కల సారు చెవులు మూసుకుంటున్నారు. "ఢిల్లీ దగ్గరికొచ్చేసిందిరోయ్" అంటోంది వసంత. రమణి మేడం నన్ను ఆరో తరగతి పిల్లలకు కుర్చీ ఆట నేర్పమన్నారు. నేర్పుతున్నాను. వాళ్లలో ఒక పిల్ల అస్సలు మాట్లాడదు. దాన్ని గోడవైపు తిప్పి కూర్చోబెట్టాను.

నువ్వు ఒడ్డుకు వెళ్లు అత్తా, ఎవరేమన్నా పట్టించుకోకు. నేనూ నీకొక మాట చెబుతాను, నాయనమ్మకు చదవకు.

పోటీలో నేను పడవవాడిగా అరిచాను కదా. అందరూ బాగుందన్నారు. అది నాన్న గొంతు కాదు. నా గొంతే. కుర్చీలోంచి లేచిన రోజు నుంచి నాన్న గొంతు మళ్లీ రాలేదు. తలంటుకుని, జుట్టు విరబోసుకుని, తూర్పు గోడవైపు తిరిగి కూడా కూర్చున్నాను, ఎవరూ లేనప్పుడు. "అమ్మో" అంటాను. నేనే వస్తాను. "అన్నమెట్టీయే" అంటాను. మళ్లీ నేనే. ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుందామని కళ్లు మూసుకుంటే, మాటలు గుర్తొస్తున్నాయి, గొంతు గుర్తు రావడం లేదు. అందరూ నేను ఎదిగానంటున్నారు. ఎదిగే ఉంటాను. నాకు మాత్రం చాలా భయంగా ఉంది.

కర్మకు ఇంటికి వచ్చినప్పుడు, పిండాల దగ్గరికి వచ్చిన కుక్కను తరుముతూ నువ్వు ఒక అరుపు అరిచావు. నాకు ఒళ్లు జలదరించింది. నువ్వూ నాన్నా ఒక తల్లి పిల్లలే కదా. నీకు బాగా కోపం వచ్చినప్పుడు, గొంతు చివర కొంచెం నాన్నలా ఉంటుంది.

ఈసారి నన్ను చూడటానికి నువ్వే రా. లెక్కల్లో తప్పాను. వచ్చి నన్ను గట్టిగా తిట్టు.

ఢిల్లీ